సౌండు తగ్గించరా

సింగపూర్‌లో అక్క వాళ్లింటికి వెళ్లిన రెండో రోజు, వాళ్ల బ్లాకు కింద ఖాళీ జాగాలో కుర్చీలు వేసి, స్పీకర్లలో పాటలు హోరెత్తిస్తున్నారు. గిటార్లు పరుగులు పెడుతున్నాయి, ఎవరో గొంతు చించుకుని అరుస్తున్నాడు. పెళ్లేమో అనుకుని నవ్వుతూ తొంగి చూశాను. దండ వేసిన ఫొటోలో పాతికేళ్ల అబ్బాయి.

“అయ్యో!” అన్నాను. నా తెలుగు విని వాళ్లమ్మ పక్క కుర్చీ చూపించింది.

“మావాడి బ్యాండు ఆల్బమేనమ్మా. ఈ రకం పాటల్ని సైకోబిల్లీ అంటారంట. ఆ దబదబ వినబడుతోందే, మనిషంత ఎత్తు తీగల వాయిద్యం, బాస్ అంటారు, దాన్ని చేత్తో బాదేది వీడే. ఇంట్లో రోజూ ఇదే గోల. సౌండు తగ్గించరా, పక్కింటి అంకుల్ మళ్లీ వస్తాడు అని తిట్టేదాన్ని.”

ఆ అంకుల్ ముందు వరసలో, స్పీకరు పక్కనే కూర్చున్నాడు. ముసలి చైనీసాయన. ఇన్నేళ్లూ గోల భరించలేక వాళ్ల తలుపు తట్టింది ఆయనే.

చివరి పాట అయిపోయింది. తిరుగుతున్న ఫ్యాన్ల చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆయన లేచి ఆవిడ దగ్గరికొచ్చి, మళ్లీ పెట్టమని సింగపూర్ ఇంగ్లీషులో అడిగాడు.

“ప్లే అగైన్, కెన్? టూ క్వయెట్ లా.”