ఎడమ భుజం మీద నిద్ర

ఆయన చివరగా చేసిన పని పాలపొడి డబ్బాకి మూత పెట్టడం. అందరిలా పెట్టి వదిలేయడం కాదు. అరచేత్తో మధ్యలో నొక్కి, బొటనవేలితో అంచు చుట్టూ తడిమి, ఎక్కడా పైకి లేచిలేదని తేలాక పిడికిలితో ఠక్కుమని ఒక్క దెబ్బ వేశాడు. అప్పుడే కళ్ళు మూసిన పసిపిల్ల ఉయ్యాల ఆ గదిలోనే ఉంది. ఆయన వెనక నిలబడి పాల సీసాలు తుడుస్తున్న కోడలు చప్పున ఉయ్యాల వైపు చూసింది.

"మామయ్యా, మెల్లగా! దాన్ని మళ్ళీ లేపుతారా ఏంటి?" అంది, గొంతు వీలైనంత అణుచుకుని.

ఆయన తిరిగైనా చూడలేదు. ఉయ్యాల తాడు ఒకసారి పట్టి చూసి, "ఇవాళ్టికి దీని నోటికి మూత పడింది, అమ్మాయ్," అన్నాడు. ఎడమ భుజం మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు వేసి, తన మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. మర్నాడు తెల్లవారి లేవలేదు.

రేకు డబ్బాల కార్ఖానాలో ఉద్యోగం చేసినంతకాలం ఆయన పని మూతలే. అందుకే వీధిలో అందరికీ మూతలాయన. పెద్ద మిషను ఒకటి పైనుంచి దిగి రేకు పలకని నొక్కితే మూత తయారవుతుంది. దానికి అటొకరు ఇటొకరు నిలబడాలి. ఒకరు రేకు అందిస్తే రెండోవాళ్ళు మూత తీయాలి. ఆ రెండో మనిషినీ ఈయన్నీ కలిపి కార్ఖానాలో జోడెద్దులనేవారు. ఇద్దరూ ఒకేసారి పని మానేశారు. మానేశాక కూడా సాయంత్రాలు కలిసే నడిచేవారు. నడక మొదలుపెట్టే ముందు ఎవరు ఏ పక్కన నడవాలన్న దగ్గర చిన్న తతంగం మాత్రం రోజూ ఉండేది. "ఇటు రారా," "అటు కాదురా, ఇటు," అంటూ ఒకరి చుట్టూ ఒకరు తిరిగేవారు. కోడలు గుమ్మంలోంచి చూసి, పెళ్ళి పీటల మీద ఎవరెటు కూర్చోవాలో తేలని జంటలా ఉన్నారని నవ్వుకునేది.

నవ్వుకోవడం పిల్ల పుట్టకముందు మాట. పుట్టాక ఆ ఇంట్లో నవ్వులకి తీరిక లేకపోయింది.

పిల్ల పగలంతా బంగారం. ఎవరెత్తుకున్నా నవ్వుతుంది, పాలు తాగుతుంది, తన కాలి వేళ్ళు తాను చూసుకుని మురిసిపోతుంది. పొద్దు వాలి వీధి దీపాలు వెలిగాయంటే చాలు, ఎవరో మీట నొక్కినట్టు మొదలుపెడుతుంది. ఆకలి కాదు, తడి కాదు, కడుపునొప్పి కాదు. డాక్టరమ్మ అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "పిల్ల నిక్షేపంగా ఉంది, కొందరంతే," అని చేతులు కడుక్కుంది. అంతే అంటే ఎంతో ఆవిడకేం తెలుసు? ఆ గొంతు ఒకసారి లేచిందంటే పక్కింటి వాళ్ళు కిటికీ మూసుకునేవారు. మూసుకుంటున్నామని తెలిసేలా మూసుకునేవారు.

భర్త బస్సు డ్రైవరు. సాయంత్రాలే డ్యూటీ. కోడలు మందుల షాపులో ఉద్యోగానికి సెలవు పెట్టి ఇంట్లో ఉంది. రోజూ మొదటి వంతు ఆమెదే. భుజాన వేసుకుంటుంది, ఒళ్ళో పడుకోబెట్టుకుంటుంది, ఉయ్యాల ఊపుతుంది, పాట పాడుతుంది. పాటకి పిల్ల ఇంకా గుక్కపెడుతుంది. అరగంట గడిచేసరికి చెవుల్లో మేకులు దిగుతున్నట్టు ఉంటుంది. పళ్ళు బిగుసుకుంటాయి. చేతులు బిగుసుకుంటాయి. ఆ బిగువు పిల్లకి తెలిసిపోతుందని ఆమెకి తెలుసు. తెలిసి ఇంకా బిగుసుకుపోతుంది.

అప్పుడు మామయ్య వస్తాడు. ఎడమ భుజం మీద తువ్వాలు వేసుకుని చేతులు చాస్తాడు.

"ఇలా ఇవ్వు, అమ్మాయ్."

పిల్ల నోరు సరిగ్గా ఆయన ఎడమ చెవి పక్కకి వచ్చేలా వేసుకుంటాడు. కిటికీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కిటికీ దాకా నడుస్తాడు. పిల్ల వీపు మీద మిషను వేగంతో చిన్న దెబ్బలు వేస్తాడు. పిల్ల ఆ చెవిలో కార్ఖానా సైరన్లా కూస్తూ ఉంటే ముఖంలో ఒక్క గీత మారదు. గోడ మీది క్యాలెండరు చదువుకుంటాడు. వీధిలో ఎవరి సైకిలు పోతోందో చూస్తాడు. కాసేపు చూసి చూసి, ఈ మనిషి దగ్గర తన పప్పులుడకవని తెలుసుకున్నదానిలా పిల్ల తల వాల్చేస్తుంది.

"చూశావా? ఏం లేదు, కాస్త నిదానం కావాలి," అనేవాడు.

ఆ నిదానం అన్న మాటే ఆమెకి ఒళ్ళు మండించేది. తిట్టినా బాగుండేది. మంచిగా చెబుతాడే, ఏమనడానికీ ఉండదు! సీసాలు కడుగుతూ గొణుక్కునేది. "కన్నది నేను, రాత్రిళ్ళు లేచేది నేను, పేరు మాత్రం ఈయనగారికి. పెద్ద మొనగాడు." ఆయన పక్కనుంచే నడిచి వెళ్ళేవాడు. విన్నట్టు ఉండేవాడు కాదు. వినీ ఊరుకుంటున్నాడనుకుని ఆమెకి సిగ్గేసేది. సిగ్గేసినందుకు ఇంకాస్త కోపం వచ్చేది.

ఒక ఆదివారం భర్త దగ్గర వెళ్ళగక్కింది. "మీ నాన్నతో నా వల్ల కాదు. ఏమన్నా ఉలకడు పలకడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే."

"మిషన్ల దగ్గర పనిచేసినవాళ్ళు అంతేనే. చిన్న మాటలు పట్టించుకోరు," అన్నాడతను. "అయినా పిల్ల పడుకుంటోందిగా, నీకెందుకు బాధ?"

"అందుకే బాధ."

అతనికి అర్థం కాలేదు. ఆమె విడమరచి చెప్పలేదు. లోపల తొలుస్తున్నది ఒకటే. తన పిల్ల ఏడుపు తనకే భరించరానిదైతే, ఇంకొకరు అంత తేలిగ్గా భరిస్తుంటే, తనలో అమ్మకి ఉండాల్సినదేదో తక్కువైందన్నమాట. పిల్ల ఆ సంగతి పసిగట్టింది. అందుకే తన చేతుల్లో పడుకోవడం లేదు.

ఆయన్ని చూసి నేర్చుకోవాలని కూడా చూసింది. అదే తువ్వాలు, అదే ఎడమ భుజం, అదే కిటికీ, అదే తలుపు. వీపు మీద అవే దెబ్బలు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే అయింది. పిల్ల చెవిలో పెట్టిన కేకకి తల తిరిగి, మంచం మీద కూలబడి, తానూ ఏడ్చింది.

ఒక్కసారి మాత్రం ఆయన ఓడిపోయాడు. ఎడమ భుజం మీద సెగగడ్డ లేచింది. ఆ సాయంత్రం పిల్లని కుడి భుజానికి మార్చుకున్నాడు. కిటికీ దాకా వెళ్ళాడో లేదో ముఖం చిట్లించుకున్నాడు. క్యాలెండరు వైపు చూడలేదు. వీపు మీది దెబ్బల వేగం తప్పింది. గిర్రున తిరిగొచ్చి పిల్లని ఆమె చేతుల్లో పెట్టేశాడు.

"పట్టుకో తల్లీ, నా వల్ల కాదు," అని చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

గడ్డ సలుపుతోంది కాబోలనుకుంది. అయినా లోలోపల చిన్న సంతోషం. ఆ సాయంత్రమంతా పిల్లని తానే మోసింది. ఎప్పటికో పడుకుంది కూడా. గడ్డ తగ్గగానే ఆయన మళ్ళీ ఎడమ భుజానికి వచ్చేశాడు. మళ్ళీ అదే నిదానం.

ఆయన పోయాక ఇల్లు నిండా వచ్చిన చుట్టాలు నాలుగు రోజుల్లో సర్దుకున్నారు. సాయంత్రాలు మాత్రం సర్దుకోలేదు. పిల్ల వేళకి మొదలుపెట్టేది. కాసేపయ్యాక తలుపు వైపు చూసేది. చేతులు చాచే మనిషి రాడు. "నీకు నేనే గతి, నాకు నువ్వే గతి," అని దానికి చెప్పి, కోడలు కిటికీ నుంచి తలుపు దాకా నడిచేది. కొన్నాళ్ళు గంట, కొన్నాళ్ళు ఇంకా ఎక్కువ. పిల్ల పడుకునేది. ఆమె అది లెక్కలోకి తీసుకోలేదు. మామయ్య అయితే ఎప్పుడో పడుకోబెట్టేవాడని మాత్రం అనుకునేది.

అలాంటి ఒక సాయంత్రం రెండో ఎద్దు వచ్చాడు. చివరిచూపుకి వచ్చి వెళ్ళినవాడు మళ్ళీ రావడం అదే. నడక దారిలో కాళ్ళు అలవాటుకొద్దీ ఇటు తిరిగాయన్నాడు. పిల్ల ఏడుపు అప్పుడు పతాకస్థాయిలో ఉంది. ఆయన కుర్చీలో కూర్చోకుండానే చేతులు చాచాడు.

"ఇలా ఇవ్వమ్మా, కాసేపు."

తీసుకుని కుడి భుజం మీద వేసుకున్నాడు. పిల్ల ఆయన కుడి చెవిలో గోల పెట్టింది. ఆయన ముఖంలో ఒక్క గీత మారలేదు. గోడ మీద కొత్తగా పెట్టిన స్నేహితుడి ఫోటో కేసి చూస్తూ నడిచాడు.

"ఆ మిషను దగ్గర మీకందరికీ ఓపిక కూడా నేర్పారా, బాబాయ్?" అందామె, కుడి పక్క నిలబడి.

జవాబు లేదు. మళ్ళీ అంది. అప్పుడాయన ఆమె పెదవులు చూసి, మొత్తంగా ఇటు తిరిగి ఎడమ చెవి ముందుకి పెట్టాడు.

"అటు నుంచి చెబితే వినబడదమ్మా. కుడిది ఎప్పుడో పోయింది. మిషను నాకు కుడి పక్క ఉండేది, వాడికి ఎడమ పక్క. నాకు ఇది పోయింది, వాడికి అది."

ఆమె తుడుస్తున్న సీసా చేతిలోనే ఉండిపోయింది.

"మామయ్యకా? మాకెవరికీ చెప్పలేదే."

"ఉద్యోగం పీకేస్తారని కార్ఖానాలో చెప్పలేదు. పిల్ల పుట్టాక ఇంట్లో అసలు చెప్పొద్దన్నాడు. తెలిస్తే ఏడుపు వినిపించదేమోనని నువ్వు పిల్లని చేతికివ్వవని భయం వాడికి."

"మరి ఆ ఓపిక..."

"ఓపికా? వాడికా?" పిల్ల భుజం మీద ఎగిరిపడేలా నవ్వాడాయన. "కార్ఖానా మొత్తం మీద వాడంత చిరాకు మనిషి ఇంకొకడు లేడు. భుజానికి గడ్డ లేచిన రోజు నా దగ్గరికి చెప్పులు లేకుండా వచ్చాడు. 'కుడి పక్క వేసుకున్నానురా, బుర్ర పగిలిపోయింది, పారిపోయి వచ్చాను,' అన్నాడు. 'మా అమ్మాయి రెండు చెవులతో వింటూ రోజూ ఎలా ఎత్తుకుంటుందిరా,' అన్నాడు. తర్వాత కూడా నడకకి వచ్చినప్పుడల్లా అదే మాట."