తిరగని బండి, తోటకూర జెండా

ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంటే నా నడుము ఇంకా నా మాట వింటున్న రోజుల్లో, మగవాడి విలువ అతని బండికీ నేలకూ మధ్య ఉన్న ఖాళీని బట్టి ఉంటుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడది నవ్వులాట కాదు. ఏ.ఎస్. రావు నగర్‌లో మా ఇంటికీ ఆఫీసుకూ మధ్య నేను దాటాల్సిన కొండ ఏదైనా ఉందా అంటే అది మా వీధి మొదట్లో ఉన్న స్పీడు బ్రేకరు. దాన్ని దాటడానికి వాగులూ వంకలూ దాటే ఎస్‌యూవీ కొన్నాను. కొని ఊరుకోకుండా, ఆదివారాలు శామీర్‌పేట అవతల రాళ్లలో బండ్లు నడిపే గుంపులో చేరాను. ఆ గుంపు పెద్దని అందరం బురదన్న అనేవాళ్లం. ఆయన బండి అసలు రంగేమిటో చూసినవాళ్లు లేరు. మొదటి రోజే ఆయన నా బండి చుట్టూ తిరిగి, టైరును బూటుతో ఒకసారి తన్ని, "మంచిగుంది తమ్మీ! పిల్లల్ని స్కూల్ల దింపనీకి పనికొస్తది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను (నవ్వకపోతే ఇంకా నవ్వుతారు కదా). ఇంటికొచ్చేసరికి నిర్ణయం అయిపోయింది. పెద్ద టైర్లు వేయించాల్సిందే.

పెద్ద టైర్లు వేయాలంటే ఆ గుంపులో అందరూ చక్రం మొత్తం, అంటే లోపలి రిమ్ముతో సహా, మార్చేస్తారు. నేనూ అదే చేద్దామనుకున్నాను. కానీ మా ఇంట్లో అమ్మ ఉంది. బండి కొన్న రోజు గుడి ముందు పూజ చేయించి, పంతులుగారు బానెట్ మీద బొట్టు పెట్టి పక్కకు తప్పుకున్నాక, ఆయన మీద నమ్మకం చాలక, అమ్మే కొంగు బిగించి నాలుగు చక్రాలకూ స్వయంగా పసుపు రాసి కుంకుమ పెట్టింది. అలాంటి చక్రాలు ఇప్పుతానన్నాను.

"పూజ జేసిన చక్రాలను ఇప్పుతవా? నీకేమన్న పిచ్చి లేసిందారా?" అంది.

"అమ్మా, నిమ్మకాయలు తొక్కింది టైర్లు గదా. మరి అవి ఒక్కటే మారిస్తే ఏమంటవ్?" అన్నాను, లాయరులాగా.

అమ్మ కూడా జడ్జిలాగానే కాసేపు ఆలోచించింది. "దిష్టి తొక్కిన రబ్బరు పోతే పోనియ్యి. బొట్టు పెట్టిన ఇనుము మాత్రం బండికే ఉండాలె" అని తీర్పు చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను మా నాయిన వైపు చూశాను. ఆయన పేపరు కాస్త పైకి ఎత్తి, దాని వెనకనుంచి, "నన్ను ఇందులకు గుంజకు బిడ్డా. మీ అమ్మను అడగకుండ నేను చెప్పులు సుత మార్చలే" అన్నాడు.

రాణిగంజ్ వైపు టైర్లు వేసే ఉస్తాద్ ఒకాయన దగ్గరికి వెళ్లాను. ఆయన నా కోరిక విని, రిమ్ము చూసి, తల అడ్డంగా ఊపాడు. "గంత పెద్ద టైరు గావాలంటే రిమ్ము సుత మార్చాలె భాయ్. కంపెనీ రిమ్ము మీదనే ఏస్తే, స్టీరింగు తిప్పినప్పుడు టైరు లోపల రాస్తది. తర్వాత నన్ను పరేషాన్ జెయ్యొద్దు." అమ్మ సంగతి చెప్పాను. ఉస్తాద్ మొహం మారిపోయింది. "అమ్మ చెప్పిందా? ఇగ మనదేముంది భాయ్" అని జాకీ అందుకున్నాడు. టైర్లు బిగించాక బండిని చూస్తే నా ఛాతీ దానంతటదే ఉబ్బింది. ఎక్కి స్టీరింగు పూర్తిగా తిప్పాను. మిక్సీలో చెంచా పడ్డట్టు ఒక చప్పుడు వచ్చింది. ఉస్తాద్ కిందికి దూరి, స్టీరింగు ఆ రాసుకునేదాకా వెళ్లకుండా, మధ్యలోనే ఆగిపోయేట్టు రెండు వైపులా అడ్డం పెట్టి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "ఇగ రాయది" అన్నాడు. నేను సంతోషించబోతుంటే, "తిరగది సుత" అని కూడా అన్నాడు.

ఆయన అన్నది అక్షరాలా నిజం. యూ టర్న్ అనే సుఖం నా జీవితంలోంచి పోయింది. రోడ్డుకు అవతల కనిపిస్తున్న మా వీధిలోకి రావాలంటే, ఎక్కడో పెద్ద చౌరస్తా దాకా వెళ్లి, పెళ్లి ఊరేగింపులాగా విశాలంగా తిరిగి రావాలి. మా అపార్ట్‌మెంట్ గేటులోంచి బయటపడటానికి ముందుకీ వెనక్కీ ఊగుతుంటే, వాచ్‌మన్ కుర్చీ వేసుకుని కూర్చుని చూసేవాడు. అయినా సరే, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్క కారువాళ్ల నడినెత్తి కనిపిస్తుంటే ఆ కష్టాలన్నీ మరిచిపోయేవాణ్ణి.

ఇలా నేను నేలకు దూరంగా ఉన్న కాలంలోనే, మా ఆఫీసులో పనిచేసే ఒక అమ్మాయికి దగ్గరయ్యాను. వాళ్లది గోదావరి వైపు నుంచి వచ్చి మెట్టుగూడలో స్థిరపడిన కుటుంబం. ఆమె (ఇప్పుడు నా వెనక నిలబడి, "ఉన్నది ఉన్నట్టు రాయి" అంటున్న మా ఆవిడే) ఇంట్లో నా సంగతి చెప్పింది. వాళ్ల నాన్నగారు రైలు ఇంజన్ డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. కులగోత్రాల గురించి వాళ్లమ్మగారు మొదలుపెట్టబోతే ఆయన ఆపి, "ముందు ఆ అబ్బాయి బండి నడపడం చూస్తాను. ఆదివారం కూరలకి మోండా మార్కెట్‌కి తీసుకెళ్లమను" అన్నారట.

"ఓవరాక్షన్ చెయ్యకు, ప్లీజ్. కిందటేడు వచ్చిన సంబంధం ఎందుకు పోయిందో తెలుసా? ఆ అబ్బాయి నాన్నని కారెక్కించుకుని రెడ్ సిగ్నల్ దాటేశాడు. నాన్న ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, 'వాడొద్దు' అన్నారు. అంతే" అంది ఆమె. సిగ్నల్ దాటకుండా ఉండటం నాకు కష్టం కాదు. నా భయమల్లా మలుపులు. ఆదివారం దాకా, మెట్టుగూడ నుంచి మోండా దాకా ఎక్కడా గట్టి మలుపు లేని దారి కోసం ఫోన్లో మ్యాపు చూసీ చూసీ కళ్లు కాయలు కాశాయి.

ఆదివారం పొద్దున్నే బయల్దేరుతుంటే అమ్మ వంటింట్లోంచి పీట తెచ్చి వెనక సీట్లో పెట్టింది. "పెద్దమనిషి. గంత ఎత్తు ఎట్ల ఎక్కుతడు? దీనిమీద కాలు పెట్టుమను" అంది. మెట్టుగూడలో వాళ్ల ఇరుకు సందు మొదట్లో, మెయిన్ రోడ్డు మీదే, బండి ఆపి, దిగి, పీట కింద పెట్టి వినయంగా నిలబడ్డాను. ఆయన ఎర్ర గుడ్డసంచి చంకలో పెట్టుకుని వచ్చారు. సన్నగా, నిటారుగా ఉన్నారు. పీటను చూశారు, నన్ను చూశారు. పీటను కాలితో పక్కకు జరిపి, తలుపు దగ్గరి కడ్డీ పట్టుకుని, ఒక్క ఊపున పైకెక్కి సీట్లో కూర్చున్నారు. "ఇంజనెక్కినట్టే ఉందయ్యా" అన్నారు. ఆ గొంతులో సంతోషం విని నాకు ప్రాణం లేచివచ్చింది.

అలుగడ్డ బావి దగ్గర సిగ్నల్ కనపడగానే ఆయన ఉన్నట్టుండి, "ఎల్లో!" అని అరిచారు. నేను ఉలిక్కిపడి బ్రేకు తొక్కాను. ఆయన నా వైపు తిరిగి ఎదురుచూశారు. "నువ్వు తిరిగి చెప్పాలయ్యా. ఒకడు చూస్తే చాలదు, ఇద్దరూ చూడాలి. మా ఇంజన్లో అదే పద్ధతి." సరేనని నేనూ "ఎల్లో" అన్నాను. "గట్టిగా!" అన్నారు. ఆ తర్వాత రెడ్డూ గ్రీనూ ఇద్దరం కలిసి గొంతెత్తి అరుచుకుంటూ వెళ్లాం. పక్కన ఆగిన ఆటో అతను మమ్మల్ని చూసి, మాకేదో అయిందనుకుని కాస్త దూరం జరిగాడు. అంతా బాగానే ఉంది గానీ, నేను దగ్గరి దారులన్నీ వదిలేసి వెళుతున్నానని ఆయన కనిపెట్టేశారు. "ఇటు తిప్పితే అయిపోయేదిగా?" అంటే "అటు ట్రాఫిక్ ఉంటది అంకుల్" అన్నాను. ఇంకో మలుపు దగ్గర అడిగితే "అటు రోడ్డు తవ్విండ్రు అంకుల్" అన్నాను. (సికింద్రాబాద్‌లో ఈ మాట ఎప్పుడన్నా అబద్ధం కాదు.) ఆయన "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" నాకు నచ్చలేదు.

మోండా దగ్గర బయటే ఆపుదామనుకున్నాను. "లోపలికి పోనీవయ్యా, ఆ మలుపు తిరిగితే చోటుంటుంది" అన్నారు. ఆ మలుపు తిరిగితే కదా! దేవుడి మీద భారం వేసి సందులోకి పోనిచ్చి, ఎడమకు తిప్పగలిగినంత తిప్పాను. బండి సందుకు సరిగ్గా అడ్డంగా నిలబడిపోయింది. ముందు ఉల్లిగడ్డల కుప్ప, వెనక టమాటాల తోపుడుబండి. రెండు వైపులా జనం ఆగిపోయారు. బండి మూతికి ఆనుకుని ఆకుకూరలు పెట్టుకున్న ఒక పెద్దమ్మ లేచి నిలబడింది.

"ఏందయ్యా, బజార్ల లారీని తెచ్చినవ్? జెర తిప్పు!"

"తిరగది పెద్దమ్మా."

"తిరగనిదాన్ని ఎందుకు కొన్నవ్?"

వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. ఎవరో నా చదువు గురించి ఉర్దూలో విచారిస్తున్నారు. నా కళ్ల ముందు ఆమె మొహం, ఆ వెంటనే వాళ్ల నాన్నగారు కాళ్లు కడుక్కుని "వీడూ వద్దు" అంటున్న దృశ్యం. ఇక దాచి లాభం లేదనిపించింది. "అంకుల్, ఈ బండి పూర్తిగా తిరగదు" అన్నాను.

"ఎందుకు తిరగదు?"

"మా అమ్మ చక్రాలకు బొట్టు పెట్టింది అంకుల్."

ఈ సమాధానం ఎంత అన్యాయంగా ఉందో అన్నాక గానీ నాకు తెలియలేదు. కంగారుగా టైర్లూ, రిమ్ములూ, ఉస్తాదూ అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నారు. విని, "ఇంతేనా? నా బండి సర్వీసంతా తిరగలేదయ్యా. దానికి స్టీరింగే లేదు" అన్నారు. తలుపు తీసుకుని, ఇంజన్ దిగినట్టు వెనక్కి తిరిగి దిగారు. సంచి దులిపి ఎడమ చేతిలో పట్టుకున్నారు. పెద్దమ్మ ముందున్న తోటకూర కట్ట ఒకటి కుడి చేత్తో అందుకున్నారు. బండి వెనక్కి వెళ్లి, నాకు అద్దంలో కనపడేలా నిలబడి, "ఎర్రది చూపిస్తే ఆగు, పచ్చది ఊపితే కదులు. కదిలేముందు కూత వెయ్యి!" అని అరిచారు.

కూత వేశాను. తోటకూర ఊగింది. బండి వెనక్కి కదిలింది. ఎర్ర సంచి లేచింది, ఆపాను. ఆయన ముందుకొచ్చారు. తోటకూర, కూత, కదలిక, సంచి. జానెడు ముందుకీ బెత్తెడు వెనక్కీ అలా ఎంతసేపు ఊగామో తెలియదు. మొదట తిట్టిన జనమే కాసేపటికి తోటకూర లేచినప్పుడల్లా "రైట్ రైట్" అనడం షురూ చేశారు. ఉల్లిగడ్డలాయన కుప్పను కాస్త లోపలికి లాక్కున్నాడు. టమాటాలబండి అబ్బాయి ముందుకు తోయబోతే ఆయన అతనికీ ఎర్ర సంచి చూపించారు. అతనూ ఆగిపోయాడు! చివరికి ఒక్క ఉల్లిగడ్డ కూడా నలగకుండా బండి వెనక్కి నడిచి రోడ్డెక్కింది. నేను దిగి పరుగున వెళ్లేసరికి ఆయన ఆ తోటకూర కట్ట వైపే చూస్తూ నిలబడి ఉన్నారు. ఊపీ ఊపీ అది పాపం వాడిపోయింది.

"సర్వీసంతా ఎవరో ఒకరు జెండా ఊపితే నేను కదిలానయ్యా. నేను ఊపితే ఒక బండి కదలడం ఇదే మొదలు" అన్నారు.

పెద్దమ్మ వాడిపోయిన కట్టను ఎగాదిగా చూసింది. "ఇగ ఆ కట్ట నీదే సారు, నేను తీస్కోను" అంది.

కూరలు కొనుక్కుని తిరిగొస్తుంటే సిగ్నళ్లు తప్ప ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. నేను ఆశ వదులుకోవడం మొదలుపెట్టాను. సందు మొదట్లోనే ఆపి, కూరల సంచి పట్టుకుని ఆయన వెనకే వెళ్లి గుమ్మం బయటే ఆగిపోయాను. లోపల కాళ్లు కడుక్కుంటున్న చప్పుడు.

"ఎలా నడిపాడు నాన్నా?" అని ఆమె గొంతు.

"బండికి మలుపు లేదమ్మా. అబ్బాయికి దారి కూడా సరిగ్గా తెలిసినట్టు లేదు."

నేను సంచి కింద పెట్టేశాను.

"కానీ ఎర్రది చూపిస్తే ఆగాడు. అంతమంది తిడుతున్నా సరే, నేను చూపించినప్పుడల్లా ఆగాడు. వాళ్ల వాళ్లని రమ్మను, మాట్లాడదాం. ఆ తోటకూర పప్పులో వెయ్యండి, వాడిపోతోంది."

పెళ్లి కుదిరింది. ఇంత జరిగాక అమ్మ ఊరుకుంటుందా? "చూసినవా? నేను ఒద్దనంగ ఆ చక్రాలు ఇప్పితే, బండి మంచిగ తిరిగి, గీ సంబంధం కుదురునా?" అని అందరికీ చెప్పుకుంది, ఇప్పటికీ చెబుతోంది.

ఆ టైర్లు కొన్నేళ్లకు అరిగిపోయాయి. అప్పటికి నా పిచ్చీ అరిగింది. అవే రిమ్ముల మీద (అమ్మ ఉంది కదా) కంపెనీ సైజు టైర్లు వేయించి, ఉస్తాద్ పెట్టిన అడ్డాలు తీయించి, ఆ ఆదివారమే మెట్టుగూడ వెళ్లాను. హారన్ విని మామగారు అలవాటుగా ఎర్ర సంచి పట్టుకుని గేటు బయటికి వచ్చారు. నేను ఆయన కళ్లముందే, ఆ ఇరుకు సందులో, ఒక్క తిప్పుడులో బండిని గేటులోపల పెట్టి, కిందికి దూకి, "ఎట్లుంది మామయ్యా?" అన్నాను గర్వంగా.

"బాగుందయ్యా. మామూలు బండయిపోయింది" అన్నారు. సంచి మడత పెట్టి చంకలో పెట్టుకున్నారు.

ఆ మడత చూసి నాకు మనసంతా అదోలా అయిపోయింది. కాఫీ తాగి బయల్దేరేటప్పుడు బండిని గేటులోంచి సగం దాకా వెనక్కి తెచ్చి, కావాలనే గోడకు అడ్డంగా పెట్టి, తల బయట పెట్టాను. "మామయ్యా, వెనక ఏం కనిపిస్తలేదు. జెర చూడరాదుండ్రి!"

బండి వెనక కెమెరా ఉన్న సంగతి ఆయనకు తెలుసు. అది పెట్టించినప్పుడు పక్కనే ఉన్నారు. అయినా మెట్లు దిగి వచ్చారు, సంచి మడత విప్పారు, పెరట్లోంచి ఒక కరివేపాకు రెబ్బ తుంచుకున్నారు. వెళ్లి అద్దంలో కనపడేలా నిటారుగా నిలబడ్డారు.

ఇప్పటికీ ప్రతి ఆదివారం ఇదే తంతు. వెనక సీట్లోంచి మా ఆవిడ "ఎంతసేపు?" అంటుంది. నేను మాత్రం ముందు కూత వేసి, కరివేపాకు ఊగేదాకా కదలకుండా కూర్చుంటాను.