పురుగు పట్టని ఎలుగుబంటి

మా మ్యూజియంలో పురుగు దేన్నీ వదల్లేదు. పాత జెండాలు తినేసింది, చేతిరాత పుస్తకాల్ని జల్లెడ చేసింది, చివరికి నా టికెట్ల బల్ల కాలు కూడా తొలిచేసింది. పిల్లలు ముట్టుకుని చూసే గదిలో ఉన్న ఎలుగుబంటి జోలికి మాత్రం పోలేదు. ఎందుకు పోలేదని మాలో ఒక్కరికైనా తట్టి ఉంటే, నా కూతురి చేతులు చూసి నేనిలా హడలిపోయే రోజు వచ్చేదే కాదు.

ఆ గది దువ్వెన మామయ్యది. ఉద్యోగం కాపలా, పేరు పిల్లలు పెట్టింది. నాకు చుట్టమేమీ కాదు గానీ, పదహారేళ్లు పక్కపక్కన పనిచేశాక అన్నయ్యా అనక ఇంకేమంటాను? మొదట్లో బడిపిల్లలు వచ్చి, అద్దాల బీరువాల ముందు వరసగా నడిచి, ఆవలించి వెళ్లిపోయేవాళ్లు. అది చూసి చూసి ఆయనకు ఒళ్లు మండింది. పదకొండేళ్ల కిందట పై అధికారిని గడ్డం పట్టుకుని బతిమాలి ఆ అద్దాలు ఊడదీయించాడు. ఎలుగుబంటి, దుప్పి, గుడ్లగూబ. వందేళ్ల కిందట ఎవరో తోలులో గడ్డి కూరి నిలబెట్టినవి.

"చూస్తే ఏం తెలుస్తుందమ్మా? చెయ్యేస్తే కదా తెలిసేది!" అనేవాడు.

నిజమే. పిల్లలు గోళ్లు లెక్కపెట్టారు, పళ్లు తడిమారు, ఆ బొచ్చులో మొహాలు దాచుకున్నారు. ఆవలించిన పిల్లలే ఇంటికి పదండంటే ఏడ్చారు.

నా కూతురు బడి వదలగానే నా దగ్గరికే వచ్చేది. బల్ల పక్కన కుదురుగా కూర్చోవే అంటే వింటేనా? ఎలుగుబంటి పొట్టకి ఆనుకుని హోంవర్కు, అక్కడే బిస్కెట్లు, అక్కడే కునుకు. నాలుగేళ్లు అలాగే గడిచాయి. పిల్ల కళ్లముందే ఉందని నాకూ హాయిగానే ఉండేది, అబద్ధమెందుకు?

రోజూ పొద్దున్నే ఆయన బెత్తం పట్టుకుని ఎలుగుబంటి వీపు దులిపేవాడు. తెల్లటి దుమ్ము గదంతా లేచేది. తర్వాత తీరిగ్గా దువ్వేవాడు. నేను తుమ్మలేక చస్తూ తిట్టేదాన్ని.

"అన్నయ్యా, దాన్ని అలా చావబాదకు! అది ఎప్పుడో చచ్చింది!"

"నీకేం తెలుసు? ఇలా దులుపుతున్నా కాబట్టే పురుగు చేరట్లేదు. ముందు నీ బల్ల సంగతి చూసుకో."

వచ్చిన ప్రతి టీచరుకీ ఈ గొప్ప చెప్పందే వదిలేవాడు కాదు.

రెండేళ్లుగా ఆయన అరచేతులు మొరటుబారాయి. చర్మం కింద గింజల్లా గట్టిగా ఏవో లేచాయి. మెడ మీద నల్లమచ్చలు కూడా వచ్చాయి. వదిన రోజూ ఏదో లేపనం రాసేది. "దువ్వీ దువ్వీ నాకూ ఎలుగుబంటి తోలే వస్తోంది" అని ఆయన నవ్వితే మేమూ పడీ పడీ నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

పోయిన నెల జెండాలు బాగుచేయడానికి ఒక నిపుణురాలు వచ్చింది. చేతికి తొడుగులు లేకుండా కాగితం కూడా పట్టుకోని మనిషి. ఆవిడ ఆ గదిలోకి తొంగి చూసేసరికి లోపల ముప్పై మంది పిల్లలు గోల గోలగా ఉన్నారు.

"ఈ జంతువులకి పురుగు పట్టలేదా?" అని అడిగింది.

"పదకొండేళ్లలో ఒక్కటీ లేదమ్మా! రోజూ నేనే దులుపుతాను!" అన్నాడు అన్నయ్య ఛాతీ విరుచుకుని.

ఆవిడ ముఖం పాలిపోయింది. ఆయన అరచేతులకేసి చూసింది.

"ముందు పిల్లల్ని బయటికి పంపండి. సబ్బుతో చేతులు కడిగించండి. ఊఁ, త్వరగా!"

"ఏమైందమ్మా?"

"అప్పట్లో తోలుకి పురుగు పట్టకుండా లోపల పాషాణం, అంటే ఆర్సెనిక్ విషం, పూసేవాళ్లు. తోలు పగిలితే పొడి పైకి వస్తుంది. మీరు ఎన్నాళ్లుగా దులుపుతున్నారు?"

అన్నయ్య తన అరచేతుల్ని తిప్పి చూసుకున్నాడు. నేను పిల్లల్ని కుళాయి దగ్గరికి తరిమాను.

వారం తిరక్కుండా పరీక్షలో అదే తేలింది, అన్నయ్య చేతుల్లో గింజలూ దానివేనన్నారు. గదికి సీలు వేశారు. బళ్లన్నిటికీ ఉత్తరాలు వెళ్లాయి. నేను ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. "నీ గొప్పల కోసం నా పిల్లని విషం ఒళ్లో కూర్చోబెట్టావు!" అని అందరి ముందూ అరిచాను. రోజూ కూర్చోనిచ్చింది నేనే కదా! ఆ మాట ఆయన అనొచ్చు, అనలేదు. తల వంచుకుని విన్నాడు.

పిల్లలందరికీ వరసగా పరీక్షలన్నారు. నా కూతురి వంతు సోమవారం. పిల్ల చక్కగా తింటోంది, గెంతుతోంది, దీనికేమీ కాలేదులే అని నాకు నేనే నచ్చజెప్పుకుంటున్నాను.

శనివారం సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"పాపని ఒక్కసారి పిలుస్తావా అమ్మా? చేతులు చూడాలి."

"సోమవారం డాక్టర్లు చూస్తారుగా" అన్నాను విసురుగా.

"అది ఎక్కడ మొదలవుతుందో నాకు తెలుసమ్మా."

కోపం ఎటు పోయిందో పోయింది. పిల్లని పిలిచాను. అది పరిగెత్తుకుంటూ వచ్చి, "మామయ్యా, ఎలుగుబంటికి ఒంట్లో బాగాలేదటగా?" అంటూ అరచేతులు చాపింది. ఆయన కళ్లజోడు సవరించుకుని వంగాడు, కానీ చెయ్యి ముందుకు చాపలేదు.

"బొటనవేలి కింద మెత్తగా ఉండే చోట. నేను ముట్టుకోనమ్మా, నువ్వే నిమిరి చూడు."

నిమిరాను. నున్నగానే ఉంది, దేవుడా అనుకున్నాను. ఇంకాస్త పక్కకి జరిపాను. నా వేలికింద ఏదో గట్టిగా తగిలింది. ఆవగింజంత ఉంటుంది. దాని పక్కనే ఇంకొకటి. చక్కిలిగింతలు పెడుతున్నాననుకుని పిల్ల కిలకిలా నవ్వింది.

నేను తలెత్తేసరికి ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు.

"సోమవారం దాకా ఆగొద్దమ్మా" అన్నాడు. "ఇప్పుడే బయల్దేరు."