ఒకవైపే తీసిన జిరాక్సు

ఈదయ్య సారు ఉద్యోగం పోవడానికి కారణం నేను. ఈ సంగతి అశోక్‌నగర్‌లో ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదు.

మా కోచింగ్ సెంటర్‌లో ఆయన తత్వశాస్త్రం చెప్పేవారు. ఒకరోజు పన్నెండున్నరకు క్లాసు అయ్యాక, మీ నోట్సు ఒకసారి ఇస్తారా అని అడిగాను. అడిగినవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటా, ఆయన ముఖం వెలిగింది. మూడింటికి మళ్లీ క్లాసుంది, ఆలోపు చదివి ఇయ్యమని నోటుపుస్తకం చేతిలో పెట్టారు. నేను చదవలేదు. నేరుగా జిరాక్సు షాపుకు పోయాను. రెండువైపులా తీయాలంటే సాయంత్రం నాలుగవుతుందన్నాడు షాపతను. ఒకవైపు చాలన్నాను. ప్రతి కాగితం ముందువైపూ ముత్యాల్లాంటి అక్షరాలతో నిండుగా ఉంది. వెనకున్నది అదనపు వివరణ అనుకున్నాను.

మా వీధుల్లో ఒక అలవాటుంది. మంచి నోట్సు వస్తే షాపువాళ్లు తమకూ ఒక కాపీ ఉంచుకుంటారు. నెల తిరగకుండా అది స్పైరల్ బైండింగు కట్టుకుని, ‘ర్యాంకర్ చేతిరాత’ అన్న అట్టతో గుమ్మానికి వేలాడింది. సారు పేరు ఎక్కడా లేదు. అచ్చుపుస్తకాన్ని శంకించేవాళ్లు కూడా ఇక్కడ చేతిరాతను నమ్ముతారు. ఎవడో ఒకడు గట్టెక్కాడు కదా, వాడి చేతిలో ఏదో మహిమ ఉందని ఆశ.

సారుది జనగామ వైపు ఊరు. ఎం.ఏ. చేసి ఉద్యోగం కోసం వచ్చి, వయసు దాటిపోయేదాకా పరీక్షలు రాశారు. నేను చూసేనాటికి యాభై నిండాయి. గాంధీనగర్‌లో ఒంటరి గది. పొద్దున్నే నడుచుకుంటూ వచ్చి, క్లాసుకు పావుగంట ముందే బోర్డు తుడిచి కూర్చునేవారు.

మొదటిరోజు ఆయన నిర్వచనం చెప్పలేదు. పరీక్ష వాయిదా పడిందని ఆ పొద్దున పుట్టిన పుకారు పట్టుకున్నారు. నీకెవరు చెప్పారు, వాళ్లకెవరు చెప్పారు, కళ్లారా చూసిందెవరు, ఊహించిందెవరు అని గంటసేపు తవ్వారు. చివరికి చూసినవాడు ఒక్కడూ తేలలేదు. తెలుసు అనుకున్నది మనకెట్లా తెలుసో అడగడమే జ్ఞానమీమాంస అన్నారు. ఇంకోరోజు, నోటిఫికేషన్ రాని ఉద్యోగం ఉన్నట్టా లేనట్టా అన్నారు. అసలు ‘ఉండటం’ అంటే ఏమిటో తేల్చుకోవాలని చూసేది తత్త్వమీమాంసట. ఆ ప్రశ్నకు మేం నవ్వాం, కానీ ఆ రాత్రి హాస్టల్‌లో ఎవరికీ సరిగా నిద్రపట్టలేదు.

తర్కం క్లాసు మాత్రం నాకు గుచ్చుకుంది. కష్టపడినవాళ్లకే ఉద్యోగం వస్తుంది, వీడికి రాలేదు, కాబట్టి వీడు కష్టపడలేదు. ఇందులో తప్పెక్కడ అని అడిగారు. మా నాన్న ప్రతి ఫోనులోనూ అనే మాటే అది. ఉద్యోగం వచ్చినవాడు కష్టపడ్డాడు సరే, కష్టపడ్డవాళ్లందరికీ వస్తుందని ఎవరన్నారు? అంత చిన్న తప్పు కనిపెట్టడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. సౌందర్యశాస్త్రం కూడా చెప్తానన్నారుగానీ, సిలబస్‌లో లేదని యజమాని సుధీంద్రగారు కొట్టేయించారు.

ఆయన నోట్సు రాసే పద్ధతి మన పాత పండితులది. ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదం. వాడే మెచ్చుకునేంత బలంగా దాన్ని రాయాలి. ఆ తర్వాతే సిద్ధాంతం, మన జవాబు. సారు పూర్వపక్షాన్ని కాగితం ముందువైపు, సిద్ధాంతాన్ని వెనకవైపు రాసేవారు. నేను ఊరంతా పంచింది పూర్వపక్షాలను మాత్రమే.

నీతిశాస్త్రం చెప్తున్న రోజు అది బయటపడింది. ఎక్కువమందికి మేలు జరుగుతుందని ఒక్కడికి అన్యాయం చేయొచ్చా అన్నది ప్రశ్న. కూడదని సారు అంటుండగా, ముందు వరసలోని త్రివేణి లేచింది.

“సార్, మెటీరియల్‌ల చెయ్యొచ్చు అని ఉంది.”

సారు ఆమె చేతిలోని స్పైరల్ పుస్తకం తీసుకుని పేజీలు తిప్పారు. “ఇది నేను రాసిందే గదమ్మా,” అన్నారు.

“గట్లయితే మీ మాట మీరే కాదంటున్నరా సార్?” అని వెనకనుంచి ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వింది.

మరుసటి రోజు ఆయన అసలు నోటుపుస్తకం తెచ్చి వెనకవైపులు చూపించారు. నిన్న రాత్రి కూర్చుని రాసుకొచ్చి ఉంటారని గుసగుసలు మొదలయ్యాయి. ఆ వెనకవైపులు అంతకుముందే ఉన్నాయని చెప్పగలిగినవాడు ఆ గదిలో ఒక్కడే, నేను. మూడో బెంచీలో కూర్చుని పెన్ను మూత తీసి పెడుతూ ఉండిపోయాను. పుస్తకం ఎవరికిచ్చారో సారు బయటపెట్టలేదు. లేస్తే దొంగ నేనని అందరికీ తెలిసిపోతుంది.

సుధీంద్రగారు ఆయన్ని పిలిపించారు. తలుపు తీసే ఉంది, మాటలు వరండాలోకి వినిపించాయి.

“పిల్లలు కంగారుపడుతున్నారు మాస్టారూ. బయట మెటీరియల్‌లో ఉన్నదే చెప్పేయండి, ఏం పోతుంది?”

“అది సగమే సార్. సగం చెప్తే అబద్ధమైతది.”

సోమవారం నాటికి మెట్ల దగ్గరి ఫ్లెక్సీ మీద సారు ఫొటో ఉన్నచోట వేరొకరిది ఉంది.

సారు ఇప్పుడు నారాయణగూడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నారు. రెండేళ్లు నేను ఆ దారిన పోకుండా హైదర్‌గూడ మీదుగా చుట్టు తిరిగాను. ఈ మధ్యలో రెండు పరీక్షలు పోయాయి. త్రివేణివీ పోయాయని విన్నాను. ఆ స్పైరల్ పుస్తకం మాత్రం ఏడో ఎనిమిదో సారి బైండింగు మార్చుకుంది.

పోయిన నెల చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో ఆయన కనబడ్డారు. చెట్టు కింద బల్ల మీద పేపరు చదువుతున్నారు. పక్కన కూర్చుని అంతా చెప్పాను. జిరాక్సు, ఒకవైపు, మూడో బెంచీ. ఆయన పేపరు మడిచారు. కోపం రాలేదు. వస్తే బాగుండేది. నోటుపుస్తకం ఇంకా తన గదిలోనే ఉందనీ, కావాలంటే వచ్చి తీసుకోమనీ అన్నారు. నేను తల ఊపి, నన్ను మన్నించమన్నాను.

“మాఫ్ చెయ్యమంటే చేస్త తమ్మీ, అదేం పెద్ద పని కాదు. కాని నువ్వు దానికోసం రాలే. నువ్వు మంచోడివేనని నా నోటితోని అనిపించుకుందామని వచ్చినవ్. అది నేను అనలేను, నాకు తెల్వదు. నువ్వు ముందుగాల పొయ్యి త్రివేణికి చెప్పు. ఆ పిల్ల ఇంకా ఈ లైబ్రరీల కూసొని గా సగం పుస్తకమే చదువుతున్నది.”