కుట్టు లోపల వదిలిన గుడ్డ

ఎనభైల మొదట్లో డాలస్ బస్ స్టేషన్‌లో చీర కట్టుకుని కూర్చుంటే అందరి కళ్ళూ నా మీదే ఉండేవి. ఆ మధ్యాహ్నం మాత్రం నన్నెవరూ చూడలేదు. ఎదురు బెంచీ మీద ఒక పెద్దావిడ, విక్టోరియా రాణి కాలం నాటి గౌను వేసుకుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, అంత ఎండలోనూ అలాంటిదే ఇంకో గౌను చేత్తో కుడుతోంది.

వెళ్ళి పక్కన కూర్చున్నాను.

“మా ఊళ్ళో ఏటా పరేడ్ ఉంటుంది. ఇలాంటివి కుట్టుకుని నేనూ మా అమ్మాయీ నడిచేవాళ్ళం. ఇది దానికే,” అంది.

గౌను తిరగేసి చూశాను. పక్క కుట్ల లోపల నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ మడిచి ఉంది. తరవాత వదులు చేసుకోవడానికి మా దర్జీలూ జాకెట్లకి వదులుతారు గానీ, ఇంత వదలరు.

“చాలా ఎక్కువ వదిలారే?”

ఆవిడ సూది ఆపింది. “మా అమ్మాయి ఇప్పుడెంత లావుందో తెలీదమ్మా. చూసి చాలా ఏళ్ళయింది. వచ్చిందంటే అప్పటికప్పుడు విప్పి సరిచేయొచ్చు.”

ఆ మడతని బొటనవేలితో మెల్లగా నొక్కి, మళ్ళీ కుట్టసాగింది. ఇంతలో నా బస్సు వచ్చింది.

మొన్న మా అమ్మాయికి జాకెట్టు కుడదామని, కొలతల కోసం ఫోన్ చేశాను. ఈసారీ ఎత్తలేదు. లోపల నాలుగు వేళ్ళ గుడ్డ వదిలి కుట్టేశాను.