చూరుకు వేలాడిన సాక్ష్యం

అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో వెర్నా లిండ్‌క్విస్ట్‌కి ఏదీ ఊరికే జరగదు. రొట్టె మాడితే నరకం గురించి హెచ్చరిక, కుళాయి కారితే తరగని కృప. అర్థం దొరికేదాకా చేతులు ఏప్రన్‌లో చుట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడుతుంది. దొరికినదాన్ని బుధవారం ప్రార్థన కూటంలో సాక్ష్యంగా చెబితే, ఆడవాళ్లు కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వింటారు. ఈ వారం మాత్రం మంగళవారం సాయంత్రం దాకా ఏమీ దొరకలేదు. అప్పుడే, చూరు వెంట వాననీళ్లు పోయే కాలువలో పేరుకున్న మేపుల్ ఆకులు తీస్తున్న భర్త ఆర్విడ్ కాళ్ల కింద నిచ్చెన జారిపోయింది. ఆయన చూరు పట్టుకుని వేలాడుతున్నాడు.

"వెర్నా, నిచ్చెన పెట్టు."

"ఉండు ఆర్విడ్. ఇందులో ప్రభువు ఏదో చెబుతున్నాడు," అంటూ ఆవిడ కళ్లు మూసుకుంది.

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడతో ఎలా మాట్లాడితే పనవుతుందో ఆయనకి తెలిసొచ్చింది. "నిచ్చెన పెట్టమనే చెబుతున్నాడు," అన్నాడు.

వెర్నా నిజంగానే ఆలోచించి, తల అడ్డంగా ఊపింది. "కాదులే. ఆయన అంత సూటిగా ఎప్పుడూ చెప్పడు."

ఆర్విడ్ చేతులు జారాయి. తాను తీసి పోసిన తడి ఆకుల కుప్పలో నడుం దాకా కూరుకుపోయాడు.

కళ్లు తెరిచిన వెర్నా ముఖం వెలిగిపోయింది. "చూశావా, పట్టు వదిలెయ్యమంటున్నాడు. రేపు కూటానికి నువ్వూ రా, లేవగలిగితే."