బొట్టు పెట్టిన ఆకురాయి

మా జర్మనీ అయ్యవారు పోయినారు. చిత్తూరు బస్టాండులో నేను కరపత్రాలు పంచతా ఉంటే సోడా అంగడాయన కేకేసినాడు. "ఆ కాగితాలు మళ్లా పంచుదువులే అబ్బా. మీ అయ్యవారు తెల్లారుజామున పోయినారంట."

ఆయన జర్మనీలో సర్కారు నడిపే సాంకేతిక విశ్వవిద్యాలయంలో యంత్రశాస్త్రం చదివొచ్చిన మనిషి. మద్రాసులో ఉద్యోగం చూసుకోకుండా ఈడికి వచ్చి, మామిడికాయల మండీ వెనక రేకుల కొట్టంలో పిల్లోళ్ల చేతికి ఆకురాయి ఇచ్చినారు. ఇనుము అరగదీసే ఆకురాయి. జర్మనీలో అంతేనంట. ఎంతటి దొరబిడ్డయినా ముందు కార్ఖానాలో ఇనుము రుద్దల్ల, తర్వాతే పాఠం. ఆకురాయి పండ్ల సందుల్లో ఇనపపొడి ఇరుక్కోకుండా దానికి సుద్ద పట్టించేవారు. అందుకే ఆయన పంచెకు ఎప్పుడూ సుద్దే.

నేను ఆ కొట్టంలో చేరిన మొదటిరోజే ఎగిరినాను. "స్వరాజ్యం కోసం దేశం తగలబడతా ఉంటే ఇనపముక్క రుద్దమంటారేంది సార్?"

"తగలబడినాక మళ్లా కట్టేదానికి ఒకడన్నా కావల్ల గదప్పా."

నేను రుద్దిన ముక్క మీద ఇనుప బద్ద నిలబెట్టి, వాకిలి వెలుతురుకు ఎత్తి చూసినారు. రెంటి మధ్య వెలుతురు దూరితే చదునుగా రాలేదని అర్థం. "దూరతా ఉండాది. మళ్లా రుద్దు."

యుద్ధం నడిచేటప్పుడు ఆయనతో కొట్లాడినాను. ఇంగ్లీషోడి శత్రువు జర్మనీవోడు మనకు మిత్రుడు గదా అని నా వాదన. ఆయన ఆకురాయి కింద పెట్టేసినారు. "నాకు పాఠం చెప్పిన పెద్దాయన్ను, యూదుడని, విశ్వవిద్యాలయం మెట్లు దింపేసినారు. తోటి పంతుళ్లు తలొంచుకోని నిలబడినారు. అట్లాంటోళ్లు నీకు మిత్రులా?" అంత కోపం ఆయనలో మళ్లా చూడలా. ఆ విశ్వవిద్యాలయం బాంబులకు కూలిందని పేపర్లో వచ్చిన దినం పొద్దంతా ఇనుము రుద్దినారు. "గోడలదేముండాది. చేతులు మిగిలితే చాలు," అన్నారు సాయంత్రం.

ఆయన కోరిక ఒకటే. ఆ కొట్టం పెరిగి, చిత్తూరులో అట్లాంటి చదువు నిలబడల్ల. పిల్లోళ్లను పంపమని పెద్దల ఇండ్లన్నీ తిరిగినారు. "మావోడు కమ్మరి పని నేర్చల్నా అయ్యవారూ?" అని నవ్వి, కాఫీ ఇచ్చి పంపినారు. ఆ పెద్దలే ఆయుధపూజకు వచ్చి ఆకురాళ్లకు గంధం పూసి పోయేవాళ్లు. వాళ్లు పోయినాక ఆయన అనేవారు: "మనోళ్లు పనిముట్టుకు బొట్టు పెడతారప్పా, చెయ్యి పెట్టరు."

నిన్న సంతాపసభ. జరిపింది ఆ పెద్దలే. పటం కింద పట్టుగుడ్డ పరిచి, అయ్యవారి ఆకురాయికి బొట్టు పెట్టి, కనకాంబరాల దండ చుట్టినారు. ఒకాయన కండ్లు తుడుచుకుంటానే చెప్పినాడు: "కొట్టం మండీవాళ్లకు ఇచ్చేస్తాం, గంపలు పెట్టుకుంటారు. ఈ ఆకురాయిని మాత్రం అద్దాల పెట్టెలో భద్రం చేస్తాం."

నా వల్ల కాలా. లేచిపోయి, దండ తీసి పటానికి వేసి, ఆకురాయి పట్టుకున్నాను.

"రేయ్, పూజలో ఉండాది అది!"

"పూజ అయిపాయ పెద్దాయనా. పని మిగిలుండాది. మీ మనవణ్ణి పంపించండి."

నేరుగా పోయి కొట్టం తలుపు తీసినాను. ఇది చదివే మీరన్నా పిల్లోళ్లను పంపండి. గంపలు వచ్చేలోగా కొట్టంలో మనుషులుండల్ల.

అయ్యవారు మళ్లా రుద్దమన్నా నేను సగంలో వదిలిన ముక్కను బిగించి రుద్దినాను. పిడి మీది కుంకుమ చెమటకు కరిగి, ఇనపపొడితో కలిసి అరచేతికి అంటుకున్నది. ముక్క మీద బద్ద నిలబెట్టి వాకిలికేసి ఎత్తి చూసినాను. సన్నగా, దారప్పోగంత, వెలుతురు ఇంకా దూరతానే ఉండాది.